మీ ప్రశ్న – మా జవాబు: రాత్రి డ్యూటీ, పగటి నిద్ర

రొయ్యల ప్లాంట్లు, చెరువులు, ఆస్పత్రులు, రైసు మిల్లులు... డెల్టాలో ఊరంతా పడుకున్నాక పనికి బయల్దేరేవాళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈసారి నిద్ర గురించి అడిగిన ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి కాబట్టి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళండి. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో వచ్చే సోమవారం నుంచి రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా డ్యూటీ వేశారు. సీజను అయ్యేదాకా ఇదే షిఫ్టు. ఇప్పుడు పదిన్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తున్నాను. పగలు ఎంత పొర్లినా నాకు నిద్ర పట్టదు. ఎలా అలవాటు చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పగలు నిద్ర పట్టకపోవడం మీ లోపం కాదు. రెండు కళ్ళ నరాలు మెదడులో కలుసుకునే చోటికి కాస్త పైన ఒంటి గడియారం ఉంటుంది. నిద్ర ఎప్పుడు రావాలో, ఒంటి వేడి ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో అదే నడుపుతుంది. కణం లోపల ఇది తిరిగే తీరు కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు. డ్యూటీ చార్టు మారిందని ఈ గడియారం మారదు. కంట్లో పడే వెలుతురుని బట్టి మారుతుంది. అదీ రోజుకి గంట, మహా అయితే రెండు గంటలు. కాబట్టి ఓపిక పట్టి అలవాటు చేసుకుందాం అనుకుంటే పని జరగదు. వెలుతురు ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు తప్పించుకోవాలి అన్నదే అసలు విషయం.

మామూలుగా లేచే వేళకి సుమారు రెండు గంటల ముందు ఒంటి వేడి అట్టడుగుకి దిగుతుంది. మీకది తెల్లవారుజామున మూడున్నర ప్రాంతం. డ్యూటీలో కళ్ళు మూతలు పడేదీ అప్పుడే. ఆ వేళకి ముందు కంట్లో పడ్డ వెలుతురు గడియారాన్ని వెనక్కి, అంటే ఆలస్యంగా పడుకునే వైపుకి జరుపుతుంది. ఆ వేళ దాటాక పడ్డ వెలుతురు దాన్ని మళ్ళీ ఊరివాళ్ళ టైముకే లాగేస్తుంది. రాత్రంతా ట్యూబులైట్ల కింద కష్టపడి సంపాదించిన గంటని, ఆరున్నరకి బండి మీద ఇంటికొస్తూ ఎదురెండలో పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

మీకు నాలుగు రోజుల వ్యవధి ఉంది, వాడుకోండి. గురువారం రాత్రి పన్నెండున్నరకి, శుక్రవారం రెండున్నరకి, శనివారం నాలుగున్నరకి పడుకోండి. ఆదివారం రాత్రి ఐదున్నర దాకా మెలకువగా ఉండి, సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నర వరకు పడుకోండి. మేలుకుని ఉన్నంతసేపూ లైట్లన్నీ వేసుకోండి, పడుకునే గది మాత్రం చీకటిగా ఉండాలి. సోమవారం సాయంత్రం 5 నుంచి ఆరున్నర దాకా ఒక కునుకు తీసి డ్యూటీకి వెళ్ళండి. "ఏడింటికి పడుకుని తొమ్మిదింటికి లేస్తాను" అని చాలామంది ప్లాను వేసుకుంటారు, అది పారదు. అలవాటైన నిద్రవేళకి ముందు రెండు మూడు గంటలు ఒళ్ళు బాగా చురుగ్గా ఉంటుంది. ఆ సమయంలో మంచమెక్కితే పొర్లడమే తప్ప కన్ను మూతపడదు.

డ్యూటీలో రాత్రి 10 నుంచి 3 దాకా బాగా వెలుతురున్న చోట ఉండండి. నాలుగు దాటాక వీలైతే లైట్లు తక్కువున్న వైపుకి జరగండి. బయటికొచ్చాక నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, పైన టోపీ కూడా ఉంటే మంచిది. బండి నడుపుతుంటే మాత్రం బాగా తెల్లారాకే అద్దాలు. మసక వెలుతురులో వద్దు, కళ్ళు కూరుకుపోతున్నప్పుడు అసలే వద్దు. ఈ జాగ్రత్త మొదటి వారం చాలా ముఖ్యం. గడియారం జరిగి ఒంటి వేడి అట్టడుగుకి దిగే వేళ 8, 9 గంటలకి చేరాక ఆరున్నర ఎండ మీకు అంత చెరుపు చేయదు.

టీ సంగతి. చిన్న గ్లాసు చిక్కటి టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. తాగినదాంట్లో సగం దిగడానికి చాలామందికి ఐదు గంటలు పడుతుంది. 10కి ఒకటి, 12కి ఒకటి, రెండింటికి చివరిది. నాలుగున్నరకి తోటివాళ్ళతో కలిసి తాగే టీ ఎనిమిదింటి నిద్రని పాడుచేస్తుంది. ఆ వేళ ఏదైనా తాగాలనిపిస్తే వేడి పాలో, మజ్జిగో తాగండి.

భోజనం రాత్రి ఎనిమిదికి, డ్యూటీకి ముందే కడుపునిండా చేయండి. అర్ధరాత్రి దాటాక తిన్న అన్నాన్ని ఒళ్ళు పగటిలా వాడుకోలేదు. రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, గుండెల్లో మంట వస్తుంది, మూడింటికి మత్తు రెట్టింపవుతుంది. ఒంటిగంటకి ఉడికించిన గుడ్డు, అరటిపండు, గుప్పెడు వేరుశనగపప్పు చాలు. ఇంటికొచ్చాక ఖాళీ కడుపుతో పడుకోకండి, పది పదకొండింటికి ఆకలే లేపేస్తుంది. రెండు ఇడ్లీలో, మజ్జిగ పోసిన చద్దన్నం ఒక కప్పో తినండి. నంజుకోడానికి ఆవకాయ మాత్రం ఆ పూటకి వద్దు.

రొయ్యల ప్లాంటువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. చల్లటి హాలులో, గంబూట్లలో, చేతులు ఐసులో పెట్టి ఎనిమిది గంటలు నిలబడ్డాక పాదాలు గడ్డకట్టినట్టు ఉంటాయి. పాదాలు చల్లగా ఉన్నంతసేపూ నిద్ర సరిగ్గా రాదు. పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతేనే ఒళ్ళు నిద్రకి దిగుతుంది. ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో పది నిమిషాలు కాళ్ళు పెట్టి, తడి తుడుచుకుని, పల్చటి నూలు మేజోళ్ళు వేసుకుని పడుకోండి. ఎంతో తేడా కనిపిస్తుంది.

ఎనిమిదింటికి పడుకుని రెండున్నర, మూడుకి లేవడం మీ లక్ష్యం. మొదటి మూడు నాలుగు రోజులు పన్నెండింటికే మెలకువ వచ్చేస్తుంది. పొద్దెక్కేకొద్దీ ఒంటి వేడి పెరుగుతుంది కాబట్టి అది మామూలే. ఫోన్ ముట్టుకోకుండా చీకట్లోనే ఇరవై నిమిషాలు పడుకుని ఉండండి. అప్పటికీ పట్టకపోతే లేచి, తగ్గిన నిద్రని సాయంత్రం కునుకుతో పూడ్చుకోండి.

చాలామంది చేజేతులా చెడగొట్టుకునేది సెలవు రోజున. వారమంతా పగలు పడుకుని, సెలవు రాత్రి పదింటికే మంచమెక్కితే గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. సెలవు రోజు రాత్రి మూడింటికి పడుకుని పదకొండింటికి లేవండి. అప్పుడు డ్యూటీ రోజైనా సెలవు రోజైనా 8 నుంచి 11 దాకా మీరు నిద్రలోనే ఉంటారు. పడవ ఎటు ఊగినా లంగరు దగ్గరే ఉన్నట్టు, ఆ మూడు గంటలు గడియారాన్ని పట్టి ఉంచుతాయి. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో గడపడానికీ వీలుంటుంది.

ప్రశ్న: నేను ప్యాకింగ్ సెక్షన్లో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. ఏడింటికి ఇంటికొచ్చి పిల్లలకి క్యారేజీలు కట్టి, వంట చేసి, గిన్నెలు తోమి పడుకునేసరికి పదకొండవుతుంది. మాది మేడ మీద గది. మధ్యాహ్నం నిప్పుల కొలిమిలా ఉంటుంది. రెండింటికి లేచి కూర్చుంటాను. అత్తగారు "పగలంతా పడుకునే ఉంటుంది" అంటారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: మీరు పడుకుంటున్నది రోజుకి మూడు గంటలు. ఎవరికైనా అది చాలదు. ఈ జవాబు మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి పొద్దున్న 8 అంటే మిగతావాళ్ళకి రాత్రి 11 లాంటిది. మధ్యాహ్నం ఒంటిగంట అంటే తెల్లవారుజాము నాలుగు. తెల్లవారుజామున నాలుగింటికి అత్తగారిని లేపి బియ్యం కడగమని ఎవరూ అడగరు కదా.

ముందు పని వేళలు మార్చాలి. వంట సాయంత్రం నాలుగింటికి, మీరు నిద్ర లేచాక చేయండి. మర్నాటి కూరలు తరగడం, ఇడ్లీపిండి రుబ్బుకోవడం కూడా అప్పుడే. పొద్దున్న పిల్లల్ని తయారుచేసి క్యారేజీ కట్టే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి. మీవారైనా సరే, అత్తగారైనా సరే. ఇది సాయం చేయడం కాదు, ఇంటికి జీతం తెస్తున్న మనిషి ఆరోగ్యం కాపాడుకోవడం. మీరు రాగానే స్నానం, కాస్త టిఫిను, ఎనిమిదికి మంచం. గిన్నెలు ఉంటే ఉండనివ్వండి. ఎనిమిది నుంచి రెండు దాకా ఒక నిద్ర, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా ఇంకొకటి. రెండూ కలిపి ఏడున్నర గంటలు.

ఇక గది. డాబా స్లాబు పొద్దుటినుంచీ ఎండ తాగి పన్నెండు దాటాక ఆ వేడి గదిలోకి దింపుతుంది. కింద ఒక్క గది దొరికినా పగటి నిద్ర అక్కడికి మార్చుకోండి. పెంకుటింట్లో లోపలి గది అయితే ఇంకా మేలు. తప్పనిసరిగా మేడ మీదే అయితే వేసవికి ముందు స్లాబు మీద సున్నం రెండు పూతలు వేయించండి. కూలరు కొనే ముందు ఆలోచించండి. అది పొడిగాలి ఉన్న ఊళ్ళలో చల్లబరిచినట్టు మన దగ్గర చల్లబరచదు. గాలిలో చెమ్మ ముందే నిండి ఉంటే నీరు ఆవిరి కాదు. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే ఒళ్ళు జిడ్డుగా అయి ఊపిరాడనట్టు ఉంటుంది. వేస్తే ఎదురు కిటికీ ఒకటి తెరిచే ఉంచాలి, చీకటి కోసం దానికి తెర వేలాడాలి. చాలా ఇళ్ళలో పెద్ద ఫ్యాను, నూలు దుప్పటి, పడుకునే ముందు ఒక స్నానం ఇంతకంటే బాగా పనిచేస్తాయి.

చీకటికి ఒక పరీక్ష ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి తలుపులు మూసి, చెయ్యి చాచి వేళ్ళు లెక్కపెట్టండి. లెక్క తెలిస్తే చీకటి చాలదన్నమాట. కిటికీకి ముదురు రంగు మందపాటి గుడ్డ రెండు పొరలుగా కుట్టించి, పైన, పక్కన గోడకి ఆనేలా బిగించండి. వెలుతురు ఎక్కువగా తెర అంచుల్లోంచి, తలుపు కిందనుంచి దూరుతుంది. తలుపు కింద పాత చీర చుట్టి పెట్టండి. అద్దాలకి లోపలివైపు వంటింటి అల్యూమినియం రేకు అంటించినా సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువ.

చప్పుడు విషయంలో ఒకే తీరుగా సాగేది నిద్ర చెడగొట్టదు, ఉన్నట్టుండి వచ్చేదే లేపుతుంది. ఫ్యాను హోరు గుడి మైకుని, కూరగాయల బండి మైకుని కొంత కప్పేస్తుంది. మెడికల్ షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్గులు ఇంకా నయం. ఊరికే చెవిలో గుచ్చితే పనిచేయవు. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పట్టుకుని లోపలికి పెట్టి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. కాలింగ్ బెల్ స్విచ్ ఆపేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, పిల్లల బడి నంబరు, మీవారి నంబరు మాత్రం మోగేలా పెట్టుకోండి.

ప్రశ్న: ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మూడు నైట్లు, ఒక రోజు ఆఫ్, తర్వాత మార్నింగ్ డ్యూటీ. నేను కూడా నెమ్మదిగా పగటి నిద్రకి మారాలా?
– అమలాపురం

జవాబు: వద్దు. గడియారం సగం మారేలోపే మీ నైట్లు అయిపోతాయి. తిప్పి తిప్పి మార్చుకోవడమే మీకు ఎక్కువ నష్టం. మీ గడియారాన్ని పగటి మనిషిగానే ఉంచి, మూడు రాత్రులూ కునుకులతో నెట్టుకురావాలి. మొదటి నైటుకి ముందు మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా పడుకోండి. తర్వాత రెండు రోజులూ ఇంటికి రాగానే దొరికినంత పడుకుని, సాయంత్రం గంటన్నర కలుపుకోండి. మూడో నైటు దిగిన రోజు జాగ్రత్త: పదకొండున్నరకి అలారం పెట్టి లేచిపోండి. ఒళ్ళు మొరాయిస్తుంది, అయినా బయట వెలుతురులోకి వెళ్ళండి, తొమ్మిదింటికి పడుకోండి. ఆ రోజు సాయంత్రం దాకా పడుకున్నవాళ్ళే మర్నాడు రాత్రంతా నిద్ర లేక మార్నింగ్ డ్యూటీకి ఎర్రటి కళ్ళతో వస్తారు.

డ్యూటీలో ఒకరి తర్వాత ఒకరు కునుకు తీసే ఏర్పాటు ఉంటే ఇరవై నిమిషాలకే అలారం పెట్టండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక మెదడు మొద్దుబారుతుంది. లేచిన పదిహేను నిమిషాల దాకా ఇంజెక్షను మందు లెక్క కట్టకండి. తప్పదంటే పక్కనున్న సిస్టరుకి పైకి చదివి సరిచూసుకోండి.

ఇన్‌ఛార్జి గారిని ఒకటి అడగండి. చార్టు మార్నింగ్ నుంచి ఈవినింగ్‌కి, ఈవినింగ్ నుంచి నైట్‌కి తిరగాలి, వెనక్కి కాదు. మనిషి గడియారం వదిలేస్తే 24 గంటలకి కాస్త ఎక్కువే తిరుగుతుంది. అందుకే ఆలస్యం వైపు జరగడం దానికి తేలిక. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. ఈవినింగ్ చేసి రాత్రి తొమ్మిదికి దిగినవాళ్ళని పొద్దున్న ఏడుకి రమ్మంటే ప్రయాణం, భోజనం పోగా నిద్రకి ఏం మిగులుతుంది?

ప్రశ్న: వనామీ రొయ్యల చెరువు దగ్గర మకాంలో నేనూ ఇంకొకాయనా రాత్రి కాపలా ఉంటాం. ఇద్దరం రాత్రంతా లేచి లేచి పడుకుంటాం. మొన్న మూడున్నరకి కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతే ఇద్దరికీ మెలకువ రాలేదు, రొయ్య తేలిపోయింది. మార్గం చెప్పండి.
– ఉండి

జవాబు: చెరువుకీ మనిషికీ గండం ఒకే వేళకి వస్తుంది. పగలు నాచు వదిలిన ఆక్సిజన్‌ని రాత్రంతా రొయ్యా, నాచూ, అడుగు బురదా వాడుకుంటాయి, కాబట్టి డీఓ (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) అన్నిటికంటే తక్కువకి పడేది తెల్లారేముందు. కాపలా మనిషి మెదడు అన్నిటికంటే మొద్దుబారేదీ 3 నుంచి 5 మధ్యే. అందుకని మెలకువగా ఉంటాం అన్న మాట మీద చెరువుని వదలకూడదు. కరెంటు పోగానే కూత పెట్టే బ్యాటరీ అలారం ఎలక్ట్రీషియను చేత స్టార్టరు పెట్టె దగ్గర పెట్టించి, దాని గంటని మకాంలో, తల దగ్గర ఉంచుకోండి.

ఇద్దరూ సగం సగం మేలుకోవడం వల్ల ఇద్దరికీ నిద్ర లేదు, చెరువుకీ కాపలా లేదు. రాత్రిని ఒంటిగంటన్నర దగ్గర రెండుగా కోయండి. ఒకరు చీకటి పడ్డప్పటినుంచి ఒంటిగంటన్నర దాకా, రెండోవారు అక్కడినుంచి తెల్లారేదాకా. ఇద్దరిలో పెద్దవయసు ఉండి తొందరగా పడుకుని తొందరగా లేచే అలవాటున్నవారు రెండో సగం తీసుకోవాలి, కుర్రాళ్ళు మొదటి సగం. ఎవరి సగం వాళ్ళకే రోజూ ఉంచండి, వారానికోసారి మార్చకండి. డీఓ రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూసి పుస్తకంలో రాయండి. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి వస్తుంటే ఆగి ఉన్న ఏరియేటర్లు కూడా వేసేయాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇంకొకటి, ప్రాణానికి సంబంధించినది. గాఢనిద్రలోంచి లేచిన మనిషి కాళ్ళ మీద నడుస్తున్నా మెదడు పూర్తిగా లేవదు. ఆ స్థితిలో తడి గట్టు మీద పరుగెత్తి, తడి చేత్తో స్టార్టరు పట్టుకోవడం వల్ల షాకు కొట్టే ప్రమాదం ఉంది. మంచం పక్కనే టార్చి, రబ్బరు చెప్పులు, పొడి తువ్వాలు పెట్టుకోండి. ముఖం కడుక్కుని, చేతులు తుడుచుకుని, ఒకసారి పైకి "ఏ చెరువు, ఏ స్విచ్చి" అనుకుని అప్పుడు వెళ్ళండి. అర నిమిషంలో రొయ్యకి ఏమీ కాదు. దోమతెర లేకుండా మాత్రం మకాంలో పడుకోకండి.

ప్రశ్న: వయసు 52. షుగరుకి మాత్రలు వాడుతున్నాను. వాచ్‌మన్‌గా నైటు డ్యూటీ వచ్చింది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?
– తణుకు

జవాబు: మీ అంతట మీరు వేళలు మార్చవద్దు. ఒక కాగితం మీద కొత్త డ్యూటీ వేళలు, భోజనం వేళలు, నిద్ర వేళలు రాసుకుని మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి. ఎందుకంటే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు భోజనంతో ముడిపడినవి. పొద్దున్న మాత్ర వేసుకుని, తినకుండా నిద్రకి పడితే పగటి నిద్రలోనే షుగరు పడిపోవచ్చు. పక్కన చూసేవాళ్ళు "నైటు చేసి వచ్చాడు, పడుకోనిద్దాం" అనుకుంటారు, అదే ప్రమాదం. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి మీటర్లో 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. మనిషి మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. మూర్ఛ వ్యాధికి మందులు వాడేవాళ్ళూ, గర్భిణులూ కూడా నైటు డ్యూటీ ఒప్పుకునే ముందే డాక్టరుని కలవాలి. నిద్ర తగ్గితే మూర్ఛలు తిరగబెడతాయి.

ప్రశ్న: నైటు దిగాక నిద్ర కోసం మా వాళ్ళు కొందరు ఆల్ప్రాజొలామ్ అనే మత్తుమాత్ర వేసుకుంటున్నారు, కొందరు పొద్దున్నే కల్లు తాగి పడుకుంటున్నారు. తప్పా?
– నరసాపురం

జవాబు: రెండూ మానేయాలి. కల్లయినా, మరేదైనా మద్యం త్వరగా నిద్ర పట్టించినట్టే ఉండి రెండు మూడు గంటలకి లేపేస్తుంది, గురక పెంచుతుంది. ఆల్ప్రాజొలామ్ కొన్ని వారాల్లోనే అలవాటవుతుంది, ఒక్కసారిగా మానేస్తే నిద్ర ముందుకంటే పాడవుతుంది, కాబట్టి రోజూ వాడుతున్నవాళ్ళు డాక్టరు సలహాతో మెల్లగా మానాలి. రెండూ కలిపి తీసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది. చీకటి పడ్డాక మెదడులో పుట్టే మెలటోనిన్ మాత్రగా దొరుకుతుంది. డాక్టరు సలహాతో తక్కువ మోతాదులో, పగటి నిద్రకి అరగంట ముందు వేసుకుంటే కొందరికి ఉపయోగపడుతుంది. గదిలో వెలుతురు ఉంచుకుని వేసుకుంటే మాత్రం డబ్బు దండగ. మూడు నెలలు దాటినా పగలు నిద్ర పట్టక, డ్యూటీలో కునికిపాట్లు తగ్గకపోతే అది షిఫ్టు డ్యూటీ వల్ల వచ్చే నిద్ర జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. గట్టి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్ళు గమనిస్తే ఇంకా ముందే చూపించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డ్యూటీ దిగి కాలవగట్టు రోడ్డు మీద 18 కిలోమీటర్లు బండి మీద వస్తాడు. రోజూ భయంతో చస్తున్నాను.
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: మీ భయం సరైనదే అమ్మా. ఇరుకు రోడ్డు, ఒకవైపు నిండు కాలవ, చాలాచోట్ల పిట్టగోడ లేదు. నిద్ర మత్తులో రెండు సెకన్లు కన్ను మూసినా గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి ఇరవై రెండు మీటర్లు పోతుంది. ఆవలింతలు ఆగకపోవడం, తల ఒక్కసారి వాలి ఉలిక్కిపడటం, దాటొచ్చిన ఊరు గుర్తులేకపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా బండి ఆపేయాలి. చన్నీళ్ళు కొట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం ఐదు పది నిమిషాలకి మించి పనిచేయవు. పనిచేసేది కునుకు ఒక్కటే. బాగా నిద్ర వస్తున్న రోజున డ్యూటీ దిగగానే ఒక టీ తాగి, ప్లాంటు లోపలే ఇరవై నిమిషాలు పడుకుని, కెఫీన్ ఎక్కే వేళకి లేచి బయల్దేరమనండి. దానివల్ల పగటి నిద్ర గంట తగ్గినా పరవాలేదు. కొత్త షిఫ్టు మొదటి వారం మాత్రం సొంత బండి వద్దు, ప్లాంటు బస్సులోనో ఆటోలోనో రమ్మని చెప్పండి. ఇంటికి చేరాక కాదు, బయల్దేరే ముందు మీకు ఫోన్ చేయమనండి. గొంతు ముద్దగా వినిపిస్తే అక్కడే పడుకోమని చెప్పొచ్చు.